పేపర్లో 8.7, అమలులో 1.4: ఆర్థిక పరిశోధనల్లో అంకెలు ఎందుకు ఉబ్బుతాయి?

క్లుప్తంగా: ఆర్థిక, సామాజిక శాస్త్ర పేపర్లు చెప్పే ప్రభావాల దిశ చాలావరకు నిలుస్తోంది, పరిమాణమే నిలవడం లేదు. మళ్లీ పరీక్షించినప్పుడు అసలు అంకెలో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా మిగులుతోంది. చిన్న నమూనాలు, ‘ఫలితం వచ్చినవే’ అచ్చువేసే అలవాటు, లెక్క ఎలా కట్టాలన్న దాంట్లో పరిశోధకుడికి ఉండే వెసులుబాటు ఇందుకు ప్రధాన కారణాలు. మోసాలు ఉన్నాయి గానీ వాటి వాటా చిన్నది.

ఫారంలో ఒక గడిని ముందే టిక్కు పెట్టి ఉంచడం, గడువుకు రెండు రోజుల ముందు మెసేజ్ పంపడం, ‘మీ తోటివాళ్లు ఇప్పటికే కట్టేశారు’ అని ఉత్తరంలో ఒక్క వాక్యం చేర్చడం. మనుషుల ప్రవర్తనను ఇలాంటి చిన్న మార్పులతో మలిచే పద్ధతికి ‘నడ్జ్’ అని పేరు. వీటి మీద వచ్చిన ప్రయోగాలను స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ 2022లో ఎకనోమెట్రికా జర్నల్‌లో రెండు గుట్టలుగా విడదీసి చూశారు. పరిశోధక జర్నళ్లలో అచ్చయిన 26 ప్రయోగాలు ఒక గుట్ట. అమెరికాలో ప్రభుత్వ సంస్థల కోసం రెండు నడ్జ్ యూనిట్లు జరిపిన 126 ప్రయోగాలు రెండోది. ఈ రెండోదాంట్లో పాల్గొన్నవాళ్లు మొత్తం 2.3 కోట్ల మంది.

జర్నళ్లలో సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లు. యూనిట్ల ప్రయోగాల్లో 1.4. లక్ష మందికి ఉత్తరాలు వేస్తే పేపర్ల లెక్కన అదనంగా 8,700 మంది స్పందించాలి, యూనిట్ల లెక్కన 1,400 మందే స్పందిస్తారు. రెండూ సున్నాకు పైనే ఉన్నాయి, ‘నడ్జ్ పనిచేస్తుంది’ అన్న మాట రెండుచోట్లా నిజమే. కానీ బడ్జెట్ వేసే అధికారికి కావలసింది ఆ మాట కాదు, ఎంత పనిచేస్తుందన్నది. ఆరు రెట్ల తేడా వచ్చింది అక్కడే.

కొంత తేడా ప్రయోగాల స్వభావంలో ఉంది. ముందే టిక్కు పెట్టి ఉంచడం, ముఖాముఖి చెప్పడం లాంటి బలమైన ఉపాయాలు జర్నళ్ల గుట్టలో ఎక్కువ. అయితే తేడాలో పెద్ద వాటా ప్రచురణ జరిగే తీరుదేనని రచయితలు తేల్చారు. జర్నళ్లకెక్కిన ప్రయోగాల్లో నడ్జ్ అందుకున్న బృందం మధ్యస్థ పరిమాణం 484 మంది, యూనిట్లలో 10,006. యూనిట్ల ప్రయోగాలకు అచ్చు కావాలన్న షరతేమీ లేదు. ఫలితం బాగున్నా లేకున్నా అన్నీ రికార్డులో ఉన్నాయి.

1.96 అనే జల్లెడ

ఒక చిన్న లెక్క వేసి చూస్తే ఇదెలా జరుగుతుందో తెలుస్తుంది. ఒక శిక్షణ కార్యక్రమం వల్ల ఆదాయం నిజంగా 2 శాతం పెరుగుతుందనుకుందాం. సర్వే చిన్నది కాబట్టి అంచనా స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా నిజం నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ చెదురుతుందో చెప్పే కొలత) కూడా 2. ఇదే సర్వేను వేర్వేరు మనుషులతో పదే పదే చేస్తే ఒకసారి 0.5, ఒకసారి 3, ఒకసారి మైనస్ 1, ఇంకోసారి 5, ఇలా 2 చుట్టూ చెదిరిన అంకెలు వస్తాయి. అన్నిటి సగటు తీస్తే 2కే చేరుతుంది. ఇంతవరకు ఏ లోపమూ లేదు.

ఇప్పుడు జర్నల్ గడప దగ్గరికి వద్దాం. ఫలితం ‘గణాంకపరంగా ప్రాధాన్యం ఉన్నది’ అనిపించుకోవాలంటే అంచనాను స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగించినప్పుడు 1.96 దాటాలి. అంటే అంచనా కనీసం 3.92 ఉండాలి. నిజమైన జవాబు 2 కదా, సరిగ్గా 2 అని కనుక్కున్న పరిశోధకుడికి జల్లెడ దాటే వీలే లేదు. నిజానికి దాదాపు రెట్టింపు చూసినవాళ్లే దాటుతారు. ఇలా దాటేది నూటికి 17 సార్లు. దాటినవాటి సగటు దాదాపు 5, అంటే నిజానికి రెండున్నర రెట్లు. దిశ తప్పి, ఆదాయం తగ్గుతుందంటూ జల్లెడ దాటే ఫలితాలు మాత్రం దాటినవాటిలో నూటికి ఒకటి కూడా ఉండవు. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ డేటాను ముట్టుకోలేదు. అయినా అచ్చులో కనిపించే అంకె ఉబ్బిపోయింది.

నమూనాను 9 రెట్లు పెంచితే స్టాండర్డ్ ఎర్రర్ మూడో వంతుకు, 0.67కు దిగుతుంది. దాటాల్సిన గీత 1.31 దగ్గరికి వస్తుంది. అప్పుడు నూటికి 85 ప్రయోగాలు దాటుతాయి, దాటినవాటి సగటు 2.2. జల్లెడ అదే, కన్నాలూ అవే. నమూనా పెద్దదైనప్పుడు అది చేసే నష్టం దాదాపు మాయమవుతుంది.

నిజంగా ఉన్న ప్రభావాన్ని పట్టుకునే ఈ సామర్థ్యాన్ని గణాంకవేత్తలు ‘పవర్’ అంటారు. పై ఉదాహరణలో మొదటి సర్వే పవర్ 17 శాతం. కావాలని తక్కువ చేసి చూపించిన లెక్కలా అనిపించవచ్చు గానీ అసలు పరిస్థితి అంతే. జాన్ ఐయొనిడిస్, టి.డి. స్టాన్లీ, క్రిస్ డూకూలియాగోస్ 2017లో ఎకనామిక్ జర్నల్‌లో 159 అంశాల మీద వచ్చిన దాదాపు 6,700 ఆర్థిక అధ్యయనాలను, వాటిలోని 64,000 అంచనాలను జల్లించారు. మధ్యస్థ పవర్ 18 శాతం లేదా అంతకన్నా తక్కువ అని తేలింది. ప్రచురితమైన ప్రభావాల్లో 80 శాతం దాకా అతిశయించినవే. రెట్టింపు సర్వసాధారణం, మూడో వంతు నాలుగు రెట్లు, ఆపైన.

సొరుగులో ఉండిపోయేవి

అచ్చుకు రాని పరిశోధనలు ఎన్నో లెక్కపెట్టడం మామూలుగా అసాధ్యం. ఒకచోట మాత్రం వీలైంది. అమెరికాలో ‘టెస్’ అనే కార్యక్రమం సామాజిక శాస్త్రవేత్తల సర్వే ప్రయోగాలను పోటీ పద్ధతిలో ఎంపిక చేసి, తానే నిర్వహించి డేటా ఇస్తుంది. ఎవరు ఏ ప్రయోగం మొదలుపెట్టారో మొత్తం పట్టిక ఉంది. అలాంటి 221 ప్రయోగాలు ఏమయ్యాయో అనీ ఫ్రాంకో, నీల్ మల్హోత్రా, గబోర్ సిమొనోవిట్స్ ఆరా తీసి 2014లో సైన్స్ పత్రికలో రాశారు. బలమైన ఫలితం వచ్చినవి అచ్చయ్యే అవకాశం ఫలితం రానివాటి కంటే 40 శాతం పాయింట్లు ఎక్కువ. అసలు పేపర్‌గా రాసే అవకాశమే 60 శాతం పాయింట్లు ఎక్కువ.

తప్పు సంపాదకులదే అనుకునేవారు ఆ రెండో అంకెను ఆగి చూడాలి. ఫలితం రాని ప్రయోగాల్లో ఎక్కువ భాగం తిరస్కరణ దాకా వెళ్లనే లేదు, పరిశోధకులే రాయడం మానేశారు. ఎవరూ వేసుకోరు, సమయం దండగ అన్న లెక్క అది. వ్యక్తిగతంగా ఆ లెక్క సబబే. అందరూ అలాగే లెక్క వేసుకోవడం వల్ల అచ్చులో మిగిలిన సాహిత్యం ఒకవైపుకు ఒరిగిపోతుంది.

ఒకే డేటా, 29 జవాబులు

మూడో కారణం పట్టుకోవడం ఇంకా కష్టం. డేటా చేతికొచ్చాక పరిశోధకుడు పదుల నిర్ణయాలు తీసుకుంటాడు. విపరీతమైన విలువల్ని ఉంచాలా తీసెయ్యాలా, ఆదాయానికి లాగరిథం తీసుకోవాలా, వయసు, విద్య, ప్రాంతం వీటిలో వేటిని నియంత్రించాలి, ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి. ఒక్కో నిర్ణయం విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. రెండేసి దారులున్న నిర్ణయాలు పది ఉంటే 1,024 రకాల రెగ్రెషన్లు (మిగతా అంశాలను లెక్కలోకి తీసుకుంటూ ఒకదాని ప్రభావాన్ని అంచనా కట్టే లెక్కలు) సాధ్యం. వాటిలో పేపర్లోకి వచ్చేవి ఐదారు.

ఈ వెసులుబాటు ఎంత దూరం లాక్కెళుతుందో కొలవడానికి రాఫెల్ సిల్బర్జాన్ తదితరులు ఒకే డేటాను, ఒకే ప్రశ్నను 29 బృందాలకు ఇచ్చారు. ముదురు చర్మఛాయ ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లకు రెఫరీలు రెడ్ కార్డు ఎక్కువగా చూపిస్తున్నారా అన్నది ప్రశ్న. 2018లో అచ్చయిన ఫలితాల ప్రకారం 20 బృందాలు అవునన్నాయి, 9 బృందాలకు ప్రాధాన్యం ఉన్న తేడా కనబడలేదు. ఆడ్స్ నిష్పత్తి (1 అంటే తేడా లేదు, 1 దాటితే ముదురు ఛాయ ఉన్నవాళ్లకే ఎక్కువ కార్డులు) 0.89 నుంచి 2.93 దాకా పరుచుకుంది. బృందాల నైపుణ్యానికీ ఈ చెదురుకూ పెద్దగా పొంతన లేదు.

దిశ నిలుస్తుందన్న మాటకు ఓ మినహాయింపు ఉంది, దాన్ని దాటవేయకూడదు. వలసలు పెరిగితే సంక్షేమ పథకాలకు ప్రజల మద్దతు తగ్గుతుందా అన్న ప్రశ్నతో నేట్ బ్రెజ్‌నౌ తదితరులు 73 బృందాలకు ఒకే డేటా ఇచ్చారు. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. మొత్తం 1,253 మోడళ్లలో దాదాపు నాలుగో వంతు తగ్గుతుందన్నాయి, ఆరో వంతు పెరుగుతుందన్నాయి, సగానికి పైగా ఏదీ తేల్చలేదు. ‘మద్దతు’ను, ‘వలస’ను ఎలా కొలవాలో ప్రశ్నలోనే బిగువుగా లేకపోతే దిశ కూడా చేజారుతుంది.

పద్ధతిని బట్టి అనుమానం

అన్ని పద్ధతుల్లోనూ వెసులుబాటు ఒకేలా ఉండదు. ఆబెల్ బ్రొడర్, నికొలాయ్ కుక్, ఆంథొనీ హేస్ 2020లో 25 ప్రముఖ ఆర్థిక జర్నళ్ల నుంచి 21,000కు పైగా పరీక్షలను పోగుచేశారు. అంకెలను గీతకు అటు నెట్టిన ఆనవాళ్లు ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ పద్ధతిలో ఎక్కువ, మార్పు వచ్చిన చోట, రాని చోట ముందుకూ తర్వాతకూ ఉన్న తేడాలను పోల్చే ‘తేడాల్లో తేడా’ పద్ధతిలో కొంత, లాటరీ తీసినట్టు మనుషుల్ని రెండు బృందాలుగా విడదీసే ప్రయోగాల్లో తక్కువ. ఐదు అగ్రశ్రేణి జర్నళ్లకు, మిగతావాటికి ఈ విషయంలో తేడా కనబడలేదు. జర్నల్ పేరు చూసి నమ్మే అలవాటుకు ఇది గట్టి జవాబు.

ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ అంటే కారణం మీద మాత్రమే ప్రభావం చూపే, ఫలితంతో నేరుగా సంబంధం లేని ఓ బయటి అంశాన్ని పట్టుకుని లెక్క కట్టడం. ప్రసిద్ధ ఉదాహరణ 1991లో జాషువా ఆంగ్రిస్ట్, అలాన్ క్రూగర్ రాసిన పేపర్. అమెరికాలో ఏడాదిలో ఏ త్రైమాసికంలో పుట్టారన్న దాన్నిబట్టి నిర్బంధ విద్య ఎంతకాలం వర్తిస్తుందో కాస్త మారుతుంది. ఆ చిన్న తేడాను వాడుకుని చదువు వల్ల జీతం ఎంత పెరుగుతుందో వాళ్లు లెక్కించారు. డేటా చిన్నదేమీ కాదు, మూడు లక్షలకు పైగా మంది. 1995లో జాన్ బౌండ్, డేవిడ్ జేగర్, రెజీనా బేకర్ ఆ పుట్టిన త్రైమాసికాలను తీసేసి కంప్యూటర్ ఇష్టమొచ్చినట్టు ఇచ్చిన త్రైమాసికాలను పెట్టి చూశారు. అర్థంలేని ఆ సమాచారంతో కూడా దాదాపు అసలులాంటి అంచనాలే, నమ్మదగ్గ స్టాండర్డ్ ఎర్రర్లతో వచ్చాయి. బయటి అంశానికీ కారణానికీ లంకె బలహీనంగా ఉంటే ఈ పద్ధతి బయటకు ఏమీ తెలియనివ్వకుండా విఫలమవుతుందని అప్పుడు తేలింది.

ఆ తర్వాత, ఆ లంకె బలాన్ని కొలిచే మొదటి దశ ఎఫ్ విలువ 10 దాటితే చాలన్న సూత్రం పాతికేళ్లు నడిచింది. డేవిడ్ లీ, జస్టిన్ మెక్‌క్రేరీ, మార్సెలో మొరీరా, జాక్ పోర్టర్ 2022లో దాన్నీ కదిపారు. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ ఉన్నప్పుడు 1.96 గీత నిజంగా 5 శాతం పరీక్షే (ప్రభావం లేకున్నా ఉందని పొరపడేది నూటికి ఐదుసార్లే) కావాలంటే ఎఫ్ 104.7 దాటాలని చూపించారు. 10 దగ్గర ఆగిపోయిన పాత పేపర్లు తప్పని దీనర్థం కాదు, వాటి అనిశ్చితి పట్టికలో కనిపించేదానికన్నా ఎక్కువ అని.

తేడాల్లో తేడా పద్ధతికి వేరే చిక్కుంది. ఒక చట్టం వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు ఏళ్లలో అమలైతే, మామూలు రెగ్రెషన్ ముందే అమలు చేసిన ప్రాంతాన్ని ఆలస్యంగా అమలు చేసినదానికి పోలికగా వాడేస్తుంది. చట్టం ప్రభావం ఏటేటా పెరిగేదైతే ఈ పోలిక అంచనాను కిందకు లాగుతుంది, ఒక్కోసారి గుర్తునే తారుమారు చేస్తుంది. ఆండ్రూ గుడ్‌మన్-బేకన్ 2021లో దీన్ని గణితంగా విడదీసి చూపించారు. అదే ఏడాది బ్రాంట్లీ కాలవే, పెద్రో సంతన్నా ప్రతిపాదించిన ప్రత్యామ్నాయ లెక్కలాంటివి ఇప్పుడు సర్వసాధారణమయ్యాయి. అంతకుముందు వచ్చిన ఇలాంటి పేపర్లను కొత్త లెక్కతో సరిచూడకుండా ఉటంకించడం మంచిది కాదు.

పొరపాట్లు, కల్పనలు

కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రొగాఫ్ 2010లో రాసిన అప్పుల పేపర్ పేరు చెప్పగానే అందరికీ ఎక్సెల్ తప్పు గుర్తొస్తుంది. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని ఆ పేపర్ చెప్పింది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ హెర్న్‌డన్, మైకేల్ ఆష్, రాబర్ట్ పొలిన్ లెక్క మళ్లీ కడితే 2.2 శాతం వచ్చింది. సగటు తీసే ఫార్ములా ఐదు దేశాల వరుసల్ని వదిలేసిన మాట నిజం. కానీ ఒక్క దాంతో వచ్చిన తేడా కొంచెమే. అసలు బరువు దేశాలకిచ్చిన వెయిటేజీలో, వదిలేసిన సంవత్సరాల్లో ఉంది. బ్రిటన్ 90 శాతం దాటిన కోవలో 19 ఏళ్లుంది, సగటు వృద్ధి 2.4 శాతం. న్యూజిలాండ్ లెక్కలోకి వచ్చింది ఒక్క 1951లోనే, మైనస్ 7.6 శాతం. పందొమ్మిదేళ్లకూ ఒక్క ఏడాదికీ సమాన ఓటు ఇచ్చారు. సరిచేశాక కూడా అప్పు ఎక్కువైన కోవలో వృద్ధి మిగతా కోవలకన్నా తక్కువే. దిశ మిగిలింది, 90 దగ్గర ఉన్నట్టు కనిపించిన అగాధం పోయింది.

కల్పిత డేటా వేరే సంగతి. అక్కడ దిశా మిగలదు, పరిమాణమూ మిగలదు. ఫారం పైభాగంలో సంతకం పెట్టిస్తే జనం నిజాయితీగా సమాధానం ఇస్తారన్న 2012 పేపర్లో 13,488 వాహన బీమా పాలసీల డేటా వాడారు. డేటా కొలాడా అనే పరిశీలకులు 2021లో ఆ ఫైలు తెరిచి చూపించిన ఆనవాళ్లు ఇవి. కార్లు తిరిగిన మైళ్లు 0 నుంచి 50,000 దాకా అన్ని అంతరాల్లోనూ సమానంగా పరుచుకున్నాయి, 50,000 దగ్గర టక్కున ఆగిపోయాయి. నిజ జీవితంలో ఎక్కువమంది మధ్యలో గుమిగూడతారు. మనుషులు మీటరు చూసి చెప్పేటప్పుడు సున్నాలకు సర్దుతారు. మొదటి రీడింగుల్లో ఆ సర్దుబాటు ఉంది, రెండో రీడింగుల్లో లేదు. పైగా వరుసల్లో సగం ఒక ఫాంటులో, సగం ఇంకో ఫాంటులో ఉన్నాయి. ఆ పేపర్‌ను జర్నల్ ఉపసంహరించింది. ఈ ఫైలు బయటపడటానికి కారణం 2020లో అదే రచయితలు మరికొందరితో కలిసి ప్రయోగాన్ని మళ్లీ చేసి విఫలమై, పాత డేటాను బహిరంగం చేయడం. డేటా సొరుగులోనే ఉండి ఉంటే ఏ పీర్ రివ్యూవరూ దీన్ని పట్టేవాడు కాదు.

మళ్లీ చేసి చూస్తే

2015లో 100 మనోవిజ్ఞాన అధ్యయనాలను మళ్లీ చేస్తే 36 శాతంలోనే ప్రాధాన్యం ఉన్న ఫలితం వచ్చింది. 2016లో 18 ఆర్థిక ల్యాబ్ ప్రయోగాల్లో 11 నిలిచాయి, సగటు ప్రభావం అసలులో 66 శాతం. నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన 21 సామాజిక ప్రయోగాల్లో 13 నిలిచాయని 2018లో తేలింది, ప్రభావం దాదాపు సగం. ఈ మూడో ప్రాజెక్టులో ఏవి నిలుస్తాయో ముందుగా పరిశోధకుల చేత పందేలు కట్టించారు. వాళ్ల అంచనా దాదాపు సరిగ్గా సరిపోయింది. ఏ పేపర్ బలహీనమో తోటి పరిశోధకులకు ముందే తెలుస్తుందన్నమాట. చిక్కల్లా ఆ తెలిసిన సంగతి అచ్చులో ఎక్కడా ఉండకపోవడమే.

సర్వే, ప్రభుత్వ రికార్డుల మీద ఆధారపడే పేపర్లలో ప్రయోగాన్ని మళ్లీ చేయలేరు, అదే డేటా మీద కోడ్ నడిపి చూడాలి. 2015లో ఆండ్రూ చాంగ్, ఫిలిప్ లీ 67 పేపర్లు తీసుకుంటే రచయితల సాయం లేకుండా 22 మాత్రమే నడిచాయి, సాయంతో 29. బ్రొడర్ బృందం 2024లో 110 పేపర్ల మీద చేసిన పరీక్షలో 85 శాతానికి పైగా ఫలితాలు కోడ్ నడిపితే యథాతథంగా వచ్చాయి. కాకపోతే దాదాపు పాతిక శాతం పేపర్లలో కోడ్ తప్పులు దొరికాయి. వేరే న్యాయమైన ఎంపికలతో లెక్కిస్తే ప్రాధాన్యం ఉన్న ఫలితాల్లో 72 శాతం అలాగే నిలిచాయి. ఆ రెండో బృందం పేపర్లన్నీ డేటా, కోడ్ ఇవ్వాలన్న నిబంధన ఉన్న జర్నళ్లవి, కాబట్టి రెండు అంకెల్నీ నేరుగా పక్కపక్కన పెట్టకూడదు. అయినా నిబంధన బిగిస్తే పరిస్థితి మారుతుందన్నది మాత్రం కనిపిస్తోంది. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2013లో ప్రయోగాలకు ముందస్తు రిజిస్ట్రీ తెరిచింది, 2018లో డేటా ఎడిటర్‌ను నియమించింది, మరుసటి ఏడాది నుంచి అంగీకారానికి ముందే కోడ్ తనిఖీ చేయిస్తోంది.

చదివేటప్పుడు చూడాల్సినవి

ముందుగా ప్రధాన పట్టికలో అంచనాను దాని కింద బ్రాకెట్లో ఉన్న స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగించాలి. అర నిమిషం పని. జవాబు 2 నుంచి 2.5 మధ్య ఉంటే ఆ ఫలితం గీతను పట్టుకుని వేలాడుతున్నట్టు. 2015 మనోవిజ్ఞాన ప్రాజెక్టులో అసలు పి విలువ (ప్రభావం లేకున్నా ఇంత పెద్ద ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.001 కన్నా తక్కువ ఉన్నవాటిలో 63 శాతం నిలిచాయి, 0.04కు పైన ఉన్నవాటిలో 18 శాతమే. నమూనా కూడా చిన్నదై, ముందస్తు ప్రణాళిక (ఏం లెక్కిస్తారో డేటాకు ముందే నమోదు చేసుకున్న పత్రం) లేకపోతే అంకెను సగం చేసి ఆలోచించడం మొరటు పద్ధతే గానీ, పునఃపరీక్షల అనుభవానికి దగ్గరగా ఉంటుంది. భాగిస్తే 5 దాటి, బృందాల్ని లాటరీ పద్ధతిలో విడదీసి ఉంటే పెద్దగా కోత పెట్టాల్సిన పని లేదు.

ముందస్తు ప్రణాళిక ఉందంటే సరిపోదు, దాన్ని తెరిచి తేదీ చూడాలి. డేటా సేకరణ అయ్యాక నమోదు చేసినవి ఉంటాయి. ప్రణాళికలో మొదట రాసుకున్న ఫలితాంశమే పేపర్ సారాంశంలో ఉందా, లేక అనుబంధంలోకి జారి ఇంకోటి ముందుకొచ్చిందా అన్నది పోల్చాలి. సారాంశంలో ‘మహిళల్లో’, ‘పేద కుటుంబాల్లో’ మాత్రమే ప్రభావం ఉందని కనిపించి, ప్రణాళికలో ఆ విభజన లేకపోతే దాన్ని ఫలితంగా కాక, పరీక్షించాల్సిన ఊహగా తీసుకోవాలి.

అనేక అధ్యయనాలను కలిపే మెటా అనాలిసిస్ అయితే, అచ్చుకు రానివాటికి సర్దుబాటు చేశారా లేదా అన్నదే మొదటి ప్రశ్న. నడ్జ్‌ల మీదే 2022లో రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపిన ఒక లెక్క ప్రామాణిక కొలమానంలో 0.43 అనే మధ్యస్తమైన ప్రభావాన్ని చూపింది. అదే డేటాకు మాక్సిమిలియన్ మయర్ తదితరులు ప్రచురణ పక్షపాతాన్ని సరిచేస్తే 0.04 మిగిలింది. ఉబ్బిన వంద అంకెల సగటు కూడా ఉబ్బిన అంకే.

చివరగా శాతాల సంగతి. నడ్జ్ పేపర్ల 8.7 శాతం పాయింట్లు సుమారు 26 శాతం పునాది మీద వచ్చినవి, కాబట్టి అదే ఫలితాన్ని ‘33 శాతం పెరుగుదల’ అనీ రాయవచ్చు. యూనిట్ల 1.4 దాదాపు 17 శాతం పునాది మీద, అంటే ‘8 శాతం పెరుగుదల’. వార్తా శీర్షికలోకి సాధారణంగా పెద్ద అంకే ఎక్కుతుంది. పేపర్ పట్టికలో కంట్రోల్ బృందం (నడ్జ్ అందనివాళ్లు) సగటు అనే వరుస ఉంటుంది. శీర్షికలోని అంకెను ఆ వరుసతో కలిపి చదివితే ఏ శాతమో తెలుస్తుంది.